ఆరు పేరంటం పాటలు, రెండు తత్వాలు

చినపాలెం,
ద్రాక్షారామం పోస్టు,
12-8-1995

చిరంజీవి ప్రసాదుకి,

అక్క సంపూర్ణ దీవెనలు. విజయవాడ నుంచి క్షేమంగా చేరాను. బస్సులో పక్కనావిడ రావులపాలెం దాకా నా భుజం మీదే నిద్రపోయింది, ఆ నొప్పి ఇంకా తగ్గలేదు. నేను లేని నాలుగు రోజులూ మీ బావ పెరుగన్నంతో సరిపెట్టారట. ఆ సంగతి ఊళ్ళో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

రికార్డింగు ఎలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. అద్దాల గదిలో ఫ్యాను ఆపేసి పాడించారని చెబితే నమ్మరు. సౌండు చూసే గణేష్‌బాబు మంచివాడే గాని, మొదటి పాట అవ్వగానే "ఇది ఏ రకం అమ్మా?" అన్నాడు. తలంబ్రాలప్పుడు పాడేదని చెప్పాను. అది రకం కాదట. జానపదమో, భక్తో, లలితమో ఏదో ఒకటి చెప్పాలట. పాటలన్నీ అయ్యాక నువ్వూ, మీ క్యాసెట్ల కంపెనీ ఓనరు పల్లంరాజు గారూ, అతనూ పక్కగదిలో అరగంట వాదించుకున్నారు. నేను గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకుని కూర్చున్నాను. పాడింది నేనే గాని నన్నెవరూ అడగలేదు. మాకు తెలిసిన లెక్క వేరు. పసుపు దంచేటప్పుడు పాడేవి కొన్ని, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు కొన్ని, శ్రీమంతానికి, ఉయ్యాలకి, హారతికి కొన్ని. అన్నీ కలిపి పేరంటం పాటలు.

ఒక సంగతి మాత్రం మనసులో పీకుతోంది. ఆరు పాటలయ్యాక టేపులో ఇంకా చోటుందంటే, నా గురువు రత్తమ్మగారు నేర్పిన తత్వాలు రెండు పాడేశాను. మన వైపు తత్వాలు ఎక్కడ పాడతారో నీకు చెప్పక్కర్లేదు. శవం లేచేదాకా అరుగు మీద కూర్చుని పాడేవి అవి. పెళ్ళి పాటల పక్కన వాటిని చేర్చకూడదని రత్తమ్మగారు ఎన్నిసార్లు చెప్పారో. నాదే పొరపాటు. ఆ రెండూ తీసేయమను. చప్పట్లు, చిరతలు తప్ప ఇంకేమీ కలపొద్దని కూడా గుర్తు చెయ్యి.

మార్గశిరంలో సూరమ్మ కూతురు ఉషారాణి పెళ్ళి. ఆ పిల్ల బారసాలకి ఉయ్యాల పాట పాడింది నేనే, ఇప్పుడు తలంబ్రాల పాటా నేనే. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో నా పాట లేకుండా ఒక్క పెళ్ళి జరగలేదు. గొంతు జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

మరదలు దేవిశ్రీకి, పెద్దాడికి, లావణ్యకి నా దీవెనలు.
సంపూర్ణ

విజయవాడ,
20-9-1995

అక్కయ్యకి, బావగారికి నమస్కారాలు.

అక్కా, క్యాసెట్టు వచ్చేసింది! ఈ ఉత్తరంతో పాటు రెండు పంపిస్తున్నాను. అట్ట మీద నీ ఫోటో చూడు, సినిమా గాయని అనుకుంటారు. పైన పెద్ద అక్షరాలతో "సంపూర్ణమ్మ తత్వాలు" అని వేశారు.

ఆ పేరుకి ఎంత యుద్ధం జరిగిందో నీకు తెలియదు. షాపుల్లో క్యాసెట్లు అరలుగా పెడతారు కదా. జానపదం అంటే ఆ అరలో ఇప్పటికే యాభై ఉన్నాయి, అన్నీ డోలక్కు మోతలు. భక్తి అంటే సినిమా వాళ్ళ పక్కన మనల్ని ఎవరు చూస్తారు? ఏ పేరూ లేకుండా పంపితే షాపువాడు ఏ అరలో పెట్టాలో తెలియక మూల పడేస్తాడు. తత్వాల అర ఖాళీగా ఉందని పల్లంరాజు గారు పట్టుకున్నారు. ఆయన బుర్రే బుర్ర. ఆ రెండు పాటలు తీసేయమన్నావు గాని, ఇప్పుడు క్యాసెట్టుకి ఆయువుపట్టు అవే.

గణేష్‌బాబు కొన్ని ఎఫెక్టులు కలిపాడు. అతను హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, పనిమంతుడు. వింటుంటే గుడిలో కూర్చున్నట్టు ఉందని ఆఫీసులో అందరూ అన్నారు. నువ్విప్పుడు ఆర్టిస్టువి అక్కా. బావగారు పెరుగన్నం అలవాటు చేసుకోవాలి మరి.

నీ తమ్ముడు
సత్యప్రసాద్

చినపాలెం,
14-10-1995

ప్రసాదూ,

క్యాసెట్లు అందాయి. నీ ఆనందం చూసి ఈ ఉత్తరం రెండు వారాలు ఆపుకున్నాను.

మీ బావ అరుగు మీద టేప్‌రికార్డరు పెట్టి, నలుగురూ వినాలని సౌండు బాగా పెంచారు. ముందు శంఖం వచ్చింది. పొడుగ్గా, ఆగకుండా. దాని వెనకే జేగంట. నా పాట ఇంకా మొదలవ్వనే లేదు, ఎదురింటి అచ్చిబాబు ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాడు. "ఎవరండీ పోయింది? కబురైనా పెట్టలేదేంటండీ?" అన్నాడు. మీ బావ టేపు ఆపబోయి కంగారులో ఇంకా పెంచేశారు. వీధిలో నలుగురు ఆడవాళ్ళు అప్పటికే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేశారు. తర్వాత నవ్వుకున్నారు లే. నేను నవ్వలేదు.

ఎనిమిది పాటలకీ ముందు శంఖం, జేగంట. తలంబ్రాల పాటకి కూడా! ఆ రెండూ కలిసి వీధిలో వినపడితే మన ఊళ్ళో తలుపులు ఎందుకు వేసుకుంటారో, పసిపిల్లల్ని ఎందుకు లోపలికి లాక్కుంటారో నీకు తెలియదా? హైదరాబాదు అతనికి తెలియకపోవచ్చు. నువ్వు ఈ వీధిలో పుట్టినవాడివి. మన నాన్న శవం ముందు నువ్వు కుండ పట్టుకుని నడుస్తుంటే, ఆ శంఖమూ గంటా నీకు రెండడుగుల దూరంలో మోగాయి.

ఆరు పేరంటం పాటలకి తత్వాలని పేరు పెట్టడం ఒకటి, శంఖం ఒకటి. రెండూ మార్పించు. ఉషారాణి పెళ్ళి ఇంకా రెండు నెలలు కూడా లేదు. ఒక్కటి అడుగుతున్నాను. క్యాసెట్టు బయటికి రాకముందు నువ్వు విన్నావా?

సంపూర్ణ

విజయవాడ,
25-10-1995

అక్కయ్యకి నమస్కారాలు.

బావగారికి కోపం వచ్చిందని అర్థమైంది. అట్ట మీద ఆడవాళ్ళ ఫోటో వేయడం ఆయనకి నచ్చలేదేమో. అదే అయితే సూటిగా రాయొచ్చు, శంఖం మీద పెట్టనక్కర్లేదు. రెండో క్యాసెట్టుకి ఫోటో లేకుండా దీపం బొమ్మ వేద్దాం.

తత్వం అంటే తక్కువ మాట అనుకుంటున్నావు. ఇక్కడ యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన క్యాసెట్టు విని ఆఫీసుకే వచ్చారు. ఇది జానపదంలో ఒక శాఖ కాదు, జానపదానికే తల్లివేరు అంటారాయన. ఆయనతో వచ్చిన ఇంకొకాయనేమో, కాదు కాదు, ఇది భక్తిలో నిర్గుణ మార్గం అంటారు. ఇద్దరూ మూడు టీలు తాగేదాకా పోట్లాడుకున్నారు. నీ పాట గురించి అక్కా! పేపర్లో కూడా నాలుగు లైన్లు పడ్డాయి, "తత్వ గాయని సంపూర్ణమ్మ" అని. కత్తిరించి పంపుతున్నాను.

ఇంకో కబురు. మండపేట, కొత్తపేట, రామచంద్రాపురం షాపుల నుంచి మళ్ళీ మళ్ళీ ఆర్డర్లు వస్తున్నాయి. ఇక్కడ విజయవాడలో అంత లేదు, అంతా మన వైపే. మనవాళ్ళే నిన్ను నెత్తిన పెట్టుకుంటుంటే నువ్వు బాధపడతావేంటి?

సత్యప్రసాద్

చినపాలెం,
20-11-1995

ప్రసాదూ,

మీ బావకి కోపం లేదు. ఆ ఫోటో పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారు. కోపం నాది.

మనవాళ్ళు ఎందుకు కొంటున్నారో చెబుతాను విను. మైకుసెట్టు త్రిమూర్తులు ఒకటి కొన్నాడు. ఈ కార్తీకంలో కాలవ అవతల ముగ్గురు పోయారు. ముగ్గురి ఇళ్ళ ముందూ పొద్దున్నుంచి శవం లేచేదాకా నా క్యాసెట్టే. శంఖమూ గంటా అందులోనే ఉన్నాయి, తత్వాలని పేరూ ఉంది, ఇంకేం కావాలి వాళ్ళకి? అటు వేసి ఇటు వేసి మొత్తం ఎనిమిది పాటలూ. నేను గిన్నెలు తోముకుంటుంటే కాలవ మీదుగా నా గొంతు వచ్చింది, నా గొంతుతో నా తలంబ్రాల పాట. ఏ ఊళ్ళో మైకు ఉంటే ఆ ఊళ్ళో ఇదే జరుగుతోందట. నువ్వు ఆర్డర్లన్నది అదే.

నాకు పేరు కూడా పెట్టారు. శంఖం సంపూర్ణ. రేవులో ఒకావిడ మొహం మీదే అంది, నవ్వుతూనే. ప్రొఫెసర్లు వేరో శాఖో తేల్చుకునేలోగా మా రేవులో తేల్చేశారు.

మొన్న సూరమ్మ పెళ్ళి పిలుపుకి వచ్చింది. బొట్టు పెట్టి, "భోజనానికి మీరూ అన్నయ్యగారూ తప్పకుండా రావాలండి" అంది. ఇన్నేళ్ళూ ఏ ఇంటి పెళ్ళికైనా బొట్టు పెట్టగానే మొదటి మాట "పాటకి రండి వదినగారూ" అనే. నేను చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మజ్జిగ తాగింది, వడ్ల రేటు మాట్లాడింది, కోడలి పురుడు మాట్లాడింది. పాట మాట ఎత్తకుండానే లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగితే చెబుతుందేమో అనుకున్నాను. చెప్పు వెతుక్కుంటోంది.

నాకు పొలం ఉంది, తిండికి లోటు లేదు. పాట నా బతుకుతెరువు కాదు. కాని ఈ ఊళ్ళో నలుగురి ముందు నేనంటూ ఒకదాన్ని ఉన్నానంటే ఆ పాట వల్లే. పిల్లలు లేనిదాన్నని నన్ను శుభకార్యాల్లో వెనక్కి నెట్టకుండా ఇన్నాళ్ళూ కాపాడింది అదే. నీకు తెలియనిది కాదు.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మళ్ళీ అడుగుతున్నాను. బయటికి రాకముందు విన్నావా, లేదా? అవునో కాదో రాస్తే చాలు.

సంపూర్ణ

విజయవాడ,
5-12-1995

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి బాధేసింది. ఊళ్ళోవాళ్ళ మూఢనమ్మకాలకి నేనేం చేయగలను? ఎవరో రేవులో ఏదో అంటే దానికి ఇంత కుంగిపోతావా? ఒక పాట చావింట్లో మోగితే ఆ పాడిన మనిషే అశుభమైపోతుందా? ఇలాంటివి పట్టించుకోకూడదు అక్కా. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. మాస్టరు టేపు కంపెనీది, వెనక్కి రప్పించడం నా చేతిలో లేదు. పల్లంరాజు గారిని అడిగి చూస్తాను.

ఒక శుభవార్త. ఫిబ్రవరి ఎనిమిదిన మన లావణ్యకి ఓణీల ఫంక్షను పెట్టుకున్నాం. కార్డు ఇందులోనే పెడుతున్నాను. మేనత్తవి, నువ్వూ బావగారూ ఒక రోజు ముందే వచ్చేయాలి. కల్యాణమండపం మాట్లాడాం, ఆర్కెస్ట్రా కూడా మాట్లాడాం. నీకు ఏ పనీ చెప్పను, హాయిగా ముందు వరసలో కూర్చుందువుగాని. లావణ్య అత్తయ్య ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది.

సత్యప్రసాద్

చినపాలెం,
28-12-1995

ప్రసాదూ,

ఉషారాణి పెళ్ళి పదో తారీఖున అయిపోయింది. వెళ్ళాను. వెళ్ళకపోతే అలిగిందంటారని వెళ్ళాను.

పీటల దగ్గరకి ఎవరూ రమ్మనలేదు. మండపంలో వెనక స్తంభం పక్కన కూర్చున్నాను. తలంబ్రాల పళ్ళెం అందిస్తూ పంతులుగారు అలవాటు కొద్దీ, "పాట ఏదమ్మా?" అన్నారు. ఆడవాళ్ళందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఉషారాణి దోసిట్లో బియ్యం పట్టుకుని తల తిప్పి నన్ను వెతికింది. సూరమ్మ నా వైపు ఒక్కసారి చూసి తల దించేసుకుంది. ఎవరో గబగబా టేప్‌రికార్డరులో సినిమా పాట పెట్టారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, పాట దానంతటదే బయటికొచ్చేస్తుందేమోనని. భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

సూరమ్మని తప్పు పట్టలేను. కూతురి పెళ్ళి, ఏ తల్లికైనా భయమే.

ఇక నీ కార్డు. రెండుసార్లు చదివాను, ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆర్కెస్ట్రా గురించి రాశావు, మండపం గురించి రాశావు. మూఢనమ్మకాలు పట్టించుకోకూడదని కూడా పై పేరాలోనే రాశావు. నీ పెద్దాడి అన్నప్రాసనకి, లావణ్య బారసాలకి పాడింది నేను. నీ ఇంట్లో శుభకార్యానికి అక్క పాడుతుందా అని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు, అది ఉన్నదే. ఇప్పుడు నేనే నోరు తెరిచి అడుగుతున్నాను. లావణ్యకి హారతి పట్టేటప్పుడు నేను పాడొచ్చా?

సంపూర్ణ

విజయవాడ,
12-1-1996

అక్కా,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చింపాను. ఇది ఆరోది.

దేవిశ్రీ వాళ్ళమ్మగారు వద్దన్నారు. వాళ్ళ ఊళ్ళో కూడా నీ క్యాసెట్టు చావింటి ముందు విన్నారట. "పిల్ల శుభమా అని ఓణీ కట్టుకుంటుంటే ఆవిడ గొంతేంటి బాబూ?" అన్నారు. ఆవిడ పెద్దావిడ, ఎదురు చెప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అందుకే నీకేమీ రాయకుండా ముందు వరస అని రాశాను.

నువ్వు అడిగినదానికి జవాబు. విన్నాను. గణేష్‌బాబు శంఖం కలిపిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. "బాగుందా సార్?" అన్నాడు. నాన్న పోయిన రోజే గుర్తొచ్చింది అక్కా. అయినా బాగుందన్నాను. ఎందుకన్నానో కూడా చెబుతాను.

ఆ పేరు పల్లంరాజు గారు పెట్టలేదు. ఆ రోజు అరగంట వాదించుకున్నాం అన్నావే, చివరికి ఆయన నా వైపు తిరిగి, "నువ్వు తమ్ముడివి కదయ్యా, మీ ఊళ్ళో వీటిని ఏమంటారు?" అన్నారు. పేరంటం పాటలు అనాలి. నోటిదాకా వచ్చింది. అంతకు ముందే ఆఫీసులో ఒకడు, "పసుపూ కుంకం పాటలు, ఎవడు వింటాడు?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. మా అక్క అంటే పెద్దదిగా కనపడాలనిపించింది. తత్వాలు అన్నాను. ఆ మాట వినగానే అందరూ తలలు ఊపారు. రాజుగారిది భీమవరం పక్క, ఆ పేరుతో చావింటి మైకులకి ఎంత అమ్ముడుపోతుందో ఆయనకి అప్పుడే తెలుసు. శంఖం కలపమని చెప్పిందీ ఆయనే. పేరు నేనిచ్చాక శంఖం వద్దని ఏ మొహంతో అనను?

నన్ను క్షమించమని అడిగే అర్హత లేదు. ఫంక్షనుకి మాత్రం రా. నువ్వు రాకపోతే లావణ్యకి నేనేం చెప్పాలి?

ప్రసాదు

చినపాలెం,
30-1-1996

ప్రసాదూ,

ముందు ఒక కబురు. రత్తమ్మగారు ఈ నెల పద్దెనిమిదిన పోయారు. ఎనభై దాటాయి, మంచం పట్టి ఎన్నాళ్ళో కాలేదు. నేను వెళ్ళేసరికి త్రిమూర్తులు మైకు కట్టి నా క్యాసెట్టు పెట్టేశాడు. ఆవిడ శవం ముందు, ఆవిడ నేర్పిన తలంబ్రాల పాట, శంఖంతో. ఆపమన్నాను. "మీదేగా అండి" అన్నాడు త్రిమూర్తులు. నాదే కాబట్టే ఆపమంటున్నానని నేనే వెళ్ళి తీగ పీకేశాను. అరుగు మీద కూర్చుని ఆ రెండు తత్వాలూ నా నోటితో పాడాను. రెండే. మిగిలిన ఆరు పాడలేదు. అవి అక్కడ పాడేవి కావు. రేవులో నన్ను ఇంకో పేరుతో పిలిచినావిడ కూడా అక్కడే కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత ఊళ్ళో మాట మారిందనుకోకు. ఇంకా గట్టిపడింది. ఇప్పుడు తత్వాలకి మనిషినే పిలవొచ్చని పక్క ఊరి నుంచి ఒకాయన అడగడానికి వచ్చాడు. మీ బావ మంచినీళ్ళిచ్చి పంపించేశారు.

ఇక నీ ఉత్తరం. శంఖం గురించి రాసినచోట నేను ఏడవలేదు. భయపడ్డావు, ఊరుకున్నావు, ఎవరైనా ఊరుకుంటారు. మీ అత్తగారి మాటకీ ఏడవలేదు. పేరంటం పాటలని చెప్పడానికి సిగ్గేసిందని రాశావు చూడు, అక్కడ ఉత్తరం పక్కన పెట్టేశాను. నీ పెళ్ళిలో మీ ఇద్దరి నెత్తి మీదా తలంబ్రాలు పడుతుంటే పాడింది నేనే కదరా. అప్పుడు కూడా సిగ్గేసిందా? వంచిన తల పెళ్ళికొడుకు బిడియం అనుకున్నాను.

ఊరు నాకు పెట్టిన పేరుని ఊరితో తేల్చుకుంటాను. నువ్వు పెట్టిన పేరు నువ్వే తియ్యాలి.

ఏడో తారీఖు పొద్దున బస్సుకి బయల్దేరి వస్తున్నాను. మీ బావకి నాట్లు, రాలేరు. ఫంక్షనులో నేను పాడను, అడగొద్దు. మీ అత్తగారిని భయపడొద్దని చెప్పు. కాని లావణ్యకి హారతి పట్టేముందు ఆర్కెస్ట్రా ఆపించి, ఆ మైకు నువ్వు తీసుకోవాలి. మీ రాజుగారూ, గణేష్‌బాబూ, నవ్విన ఆఫీసువాళ్ళూ అందరూ ఉంటారు కదా. "మా అక్క పాడేవి పేరంటం పాటలు. వాటికి వేరే పేరు పెట్టింది నేను. ఇవాళ మా ఇంట్లో పాట లేకపోవడానికి కారణం కూడా నేనే" అని చెప్పాలి. ఇంకొక్క మాట కలపక్కర్లేదు, తగ్గించకు.

చెప్పగలిగితే బస్టాండుకి నువ్వే రా. దేవిశ్రీని పంపొద్దు, పిల్లల్ని పంపొద్దు. పన్నెండింటికి దిగుతాను. రావులపాలెం మీదుగా తిరుగు బస్సు రెండింటికి ఉందట, కనుక్కున్నాను. అప్పటిదాకా బెంచీ మీద కూర్చుంటాను. లావణ్యకి ఓణీ కొన్నాను, నువ్వు రాకపోతే పోస్టులో పంపుతాను.

అక్క
సంపూర్ణ